గుండె జబ్బుల ఆధునిక చికిత్సలు: చెన్నైలో ప్రాక్టీస్ చేసే డాక్టర్లు ఏ శిక్షణ ఎంచుకోవాలి?

నా పేషెంటు ఒకాయనది సూళ్లూరుపేట. కొడుకుకు పెరంబూరులో ఉద్యోగం వస్తే ఇక్కడికి వచ్చేశారు. అరవై ఏళ్లు నిండలేదు, గుండె పంపింగ్ మాత్రం 20 శాతానికి పడిపోయింది. ఒక్క ఏడాదిలో మూడుసార్లు ఆయాసంతో ఆస్పత్రిలో చేరారు. డిశ్చార్జి అయిన ప్రతిసారీ నా క్లినిక్‌కు వచ్చేవారు. కాళ్ల వాపు కనిపిస్తే మూత్రం మాత్ర ఫ్రూసెమైడ్ పెంచేదాన్ని. బీపీ 90కి దిగితే మిగతా మందులు తగ్గించేదాన్ని. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ పెరిగితే మళ్లీ ఫ్రూసెమైడ్ తగ్గించేదాన్ని. ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. చివరికి ఒక హార్ట్ ఫెయిల్యూర్ స్పెషలిస్టు దగ్గరికి పంపితే, అక్కడి డాక్టరు నాకు ఫోన్ చేశారు. "ఆరు నెలల ముందు పంపి ఉంటే ట్రాన్స్‌ప్లాంట్ గురించి ఆలోచించేవాళ్లం మేడమ్. ఇప్పుడు కిడ్నీలు, ఊపిరితిత్తుల ప్రెషర్ రెండూ అడ్డొస్తున్నాయి" అన్నారు.

తర్వాత ఆయన భార్య వచ్చి అడిగింది: "ముందే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాల్సిందా డాక్టరమ్మా?" ఆ రోజు నా దగ్గర సమాధానం లేదు.

ఆ ఎనిమిది నెలల్లోనే నేను గుండె జబ్బుల మీద నాలుగు సీఎంఈలకు (డాక్టర్ల కోసం జరిగే శిక్షణ సదస్సులకు) వెళ్లాను. క్రెడిట్ పాయింట్లు వచ్చాయి. కొత్త స్టెంట్ల గురించి, తొడ దగ్గరి రక్తనాళం గుండా వాల్వు మార్చే తావీ గురించి ఎంతో విన్నాను. అదనంగా ఏం చేయవచ్చో వాళ్లు చెప్పారు, కానీ నా ఎదురుగా కూర్చున్న మనిషిని ఎప్పుడు పంపించాలో ఆ నాలుగింటిలో ఒక్కచోటా చెప్పలేదు. కోర్సు ఎంచుకునే పద్ధతి నేను మార్చుకున్నది అప్పుడే. ఇప్పుడు జూనియర్లు "మేడమ్, కార్డియాలజీలో ఏ కోర్సు చేయమంటారు?" అని అడిగితే, "గత ఏడాదిలో ఏ గుండె పేషెంటు విషయంలో నీకు చేయి ఆడలేదు?" అని తిరిగి అడుగుతాను. ఏ కోర్సుకు వెళ్లాలో ఆ జవాబును బట్టే తేలుతుంది.

నాలాంటి జనరల్ ఫిజీషియన్లు, ఎంబీబీఎస్‌తో క్లినిక్ నడిపేవాళ్లు, చిన్న నర్సింగ్ హోముల్లో డ్యూటీ చేసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. స్టెంట్ వేయడం, వాల్వు మార్చడం మన పని కాదు. సరైన సమయంలో గుర్తుపట్టి పంపడం, చికిత్స చేయించుకుని తిరిగి వచ్చాక జాగ్రత్తగా చూసుకోవడం మన పని. ఏ శిక్షణనైనా నేను ఈ రెండింటితోనే కొలుస్తాను.

మొదటిది అత్యవసర శిక్షణ

ఒక్క కోర్సుకే డబ్బూ సమయమూ ఉన్నాయంటే ఏసీఎల్ఎస్‌కు (గుండె ఆగినప్పుడు చేసే అత్యవసర చికిత్స కోర్సుకు) వెళ్లండి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పద్ధతిలో రెండు రోజులు ఉంటుంది. మానికిన్ (మనిషి బొమ్మ) మీద చేతులతో చేయిస్తారు, టీమ్ లీడర్‌గా నిలబెడతారు, రాత పరీక్షలో 84 శాతం రావాలి. సర్టిఫికెట్ రెండేళ్లే చెల్లుతుంది. ఆ నియమం నాకు మంచిదే అనిపిస్తుంది, ఎందుకంటే చేతికి వచ్చిన పని వాడకపోతే చేయి మరిచిపోతుంది. ప్రాథమిక కోర్సు బీఎల్ఎస్ మాత్రం మీతోపాటు మీ నర్సు, కాంపౌండరు కూడా చేయాలి. క్లినిక్‌లో మనిషి కుప్పకూలితే మీరొక్కరే ఛాతీ నొక్కుతూ, డీఫిబ్రిలేటర్ తెస్తూ, ఫోన్ చేస్తూ ఉండలేరు కదా.

అయితే ఏసీఎల్ఎస్‌లో ఈసీజీ చదవడం లోతుగా నేర్పరు. దానికి వేరే వర్క్‌షాపు చూసుకోవాలి. ఆ వర్క్‌షాపు మంచిదో కాదో తెలుసుకోవడానికి నేనొక ప్రశ్న అడుగుతాను: గుండెపోటులో సాధారణంగా పైకి లేచే ఎస్టీ భాగం లేవకుండా వచ్చే ప్రమాదకరమైన ఈసీజీలు నేర్పుతారా? వెలెన్స్, డి వింటర్ లాంటి ఈసీజీ నమూనాలు, వీపు వైపు వీ7 నుంచి వీ9 లీడ్లు పెడితే గానీ బయటపడని పోస్టీరియర్ ఇన్‌ఫార్క్షన్, కుడి వైపు వీ4ఆర్ పెట్టాల్సిన సందర్భాలు. వీటి జోలికి పోకుండా రోజంతా యాక్సిస్ లెక్కలు చెప్పే వర్క్‌షాపుకు ఆదివారం పోగొట్టుకోవద్దు.

స్టెమీ (ఈసీజీలో ఎస్టీ లేచే పెద్ద గుండెపోటు) విషయంలో తమిళనాడులో ప్రాక్టీస్ చేయడం ఒక అదృష్టం. చిన్న ఆస్పత్రుల్లో (స్పోక్) గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి, తర్వాత యాంజియోగ్రామ్, స్టెంట్ చేసే క్యాథ్‌ల్యాబ్ ఉన్న పెద్ద ఆస్పత్రికి (హబ్) చేర్చే హబ్ అండ్ స్పోక్ పద్ధతిని ఇక్కడే పరీక్షించి చూశారు. కోయంబత్తూరుకు చెందిన డాక్టర్ థామస్ అలెగ్జాండర్, చెన్నై మద్రాస్ మెడికల్ మిషన్‌కు చెందిన డాక్టర్ అజిత్ ముల్లసారి ముందుండి నడిపించిన ఆ తమిళనాడు స్టెమీ అధ్యయనం 2017లో జామా కార్డియాలజీలో వచ్చింది. ఆ పద్ధతి అమలయ్యాక యాంజియోగ్రామ్ దాకా వెళ్లినవారి సంఖ్య పెరిగింది, ఏడాదిలోపు మరణాలు తగ్గాయి. కర్ణాటకలో జయదేవ ఆస్పత్రి కేంద్రంగా, ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఇలాంటి కార్యక్రమాలు నడుస్తున్నాయి. కాబట్టి స్టెమీ శిక్షణ ఎక్కడ తీసుకున్నా సరే, మీ ప్రాంతంలో స్పోక్ ఏది, హబ్ ఏది, రాత్రి రెండు గంటలకు ఎవరికి ఫోన్ చేయాలి అన్న వివరం చేతికిచ్చే శిక్షణే తీసుకోండి. పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి. 120 నిమిషాల్లో స్టెంట్ పడే అవకాశం లేకపోతే గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇవ్వాలి. 75 ఏళ్లు దాటినవారికి సగం డోసు ఇవ్వాలి. ఇచ్చాక 2 నుంచి 24 గంటల లోపు యాంజియోగ్రామ్‌కు పంపాలి. ఇవి నోటికి రావాలి. అంబులెన్స్ వచ్చేదాకా టెన్షన్ పడుతూ గూగుల్‌లో వెతికే పరిస్థితి ఉండకూడదు.

ఆస్పత్రిలో పక్కన నిలబడి నేర్చుకోవడం

నా ఓటు దీనికే, అందుకే ఎక్కువసేపు చెబుతాను. అబ్జర్వర్‌షిప్ అంటే ఒక వారమో రెండు వారాలో పెద్ద గుండె ఆస్పత్రిలో హార్ట్ ఫెయిల్యూర్ క్లినిక్, వార్డు రౌండ్లు, క్యాథ్‌ల్యాబ్ పక్కన నిలబడి చూడటం. చేతులతో ఏమీ చేయనివ్వరు. పేరుకు ముందు కొత్త అక్షరాలేమీ రావు. క్రెడిట్ పాయింట్లు చాలాచోట్ల ఉండవు. అయినా నా ప్రాక్టీసును నిజంగా మార్చింది ఇదొక్కటే.

గుండె వైద్యంలో మన నగరానికి పెద్ద చరిత్రే ఉంది. మన దేశంలో మొదటి బైపాస్ ఆపరేషన్ 1975లో మా పెరంబూరు రైల్వే ఆస్పత్రిలోనే డాక్టర్ కె.ఎం. చెరియన్ చేశారు. మన దేశంలో మొదటి గుండె మార్పిడిని 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో చేసిన డాక్టర్ పి. వేణుగోపాల్ మన రాజమండ్రి వారు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. తమిళనాడులో మరణానంతర అవయవదానం 2008 నుంచి ఒక పద్ధతిలో నడుస్తోంది, దాన్ని ఇప్పుడు రాష్ట్ర అవయవ మార్పిడి సంస్థ ట్రాన్స్‌టాన్ చూస్తోంది. అందుకే గుండె మార్పిడి, ఎల్వీఏడీ (గుండెకు అమర్చే పంపు), ఎక్మో (గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం) కేసులు చెన్నైలో దొరికినంతగా చాలా నగరాల్లో దొరకవు. మొగప్పేర్‌లోని మద్రాస్ మెడికల్ మిషన్, గ్రీమ్స్ రోడ్డు అపోలో, నెల్సన్ మాణిక్కం రోడ్డులోని ఎంజీఎం హెల్త్‌కేర్, పోరూరులోని శ్రీరామచంద్ర, సెంట్రల్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆస్పత్రి... నగరంలో ఏ మూల ఉన్నా ఏదో ఒకటి అందుబాటులోనే ఉంటుంది. అబ్జర్వర్లను ఎప్పుడు, ఎంతమందిని తీసుకుంటారో ఆయా విభాగాలకు నేరుగా ఉత్తరం రాసి అడగండి. "కార్డియాలజీ చూడాలని ఉంది" అని రాస్తే పక్కన పడేస్తారు. "హార్ట్ ఫెయిల్యూర్ ఓపీలో రెండు వారాలు కూర్చోవాలని ఉంది, నా క్లినిక్‌లో ఇలాంటి పేషెంట్లు ఇంతమంది ఉన్నారు" అని రాయండి.

అక్కడ నేను నేర్చుకున్న మొదటి విషయం ఐ-నీడ్-హెల్ప్ అనే గుర్తుల వరస. గుండె బలంగా కొట్టుకోవడానికి ఇనోట్రోప్ మందు ఇవ్వాల్సి రావడం, చిన్న పనికే ఆయాసం లేదా గుండె మీది భారాన్ని చెప్పే బీఎన్‌పీ రక్తపరీక్ష తగ్గకపోవడం, కిడ్నీ లేదా లివర్ దెబ్బతినడం, పంపింగ్ బాగా పడిపోవడం, గుండె లయను సరిచేసే పరికరం ఐసీడీ పదేపదే షాక్ కొట్టడం, ఏడాదిలో ఒకసారికి మించి ఆస్పత్రిలో చేరడం, మూత్రం మాత్రలు పెంచుతున్నా వాపు తగ్గకపోవడం, బీపీ తక్కువగా ఉండటం, ముఖ్యమైన మందులు తట్టుకోలేకపోవడం. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా అడ్వాన్స్‌డ్ సెంటర్‌కు పంపే ఆలోచన మొదలుపెట్టాలి. మా సూళ్లూరుపేట పేషెంటులో నేను కళ్లారా చూస్తూ వచ్చినవి కనీసం ఆరు.

రెండోది, చికిత్స అయి తిరిగి వచ్చినవారి సంగతి. ఇది నేను వెళ్లిన ఏ హోటల్ సీఎంఈలోనూ చెప్పగా వినలేదు. గుండె మార్పిడి చేయించుకున్న మనిషి నెల్లూరులోనో గూడూరులోనో ఉంటాడు. దగ్గు, జ్వరం వస్తే దగ్గర్లోని డాక్టరు అలవాటు కొద్దీ యాంటీబయాటిక్ క్లారిత్రోమైసిన్ రాస్తే, కొత్త గుండెను శరీరం తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్ మోతాదు రక్తంలో ప్రమాదకరంగా పెరుగుతుంది. టీబీ అనుకుని రిఫాంపిసిన్ మొదలుపెడితే అదే మోతాదు పడిపోయి గుండె రిజెక్ట్ అవుతుంది. కొత్త గుండెకు నరాలు తెగి ఉంటాయి కాబట్టి ఎటాక్ వచ్చినా నొప్పి తెలియకపోవచ్చు, నాడి మందగిస్తే దాన్ని పెంచడానికి ఇచ్చే అట్రోపిన్ పని చేయదు. ఎల్వీఏడీ ఉన్నవారికి చేతి నాడి దొరకకపోవచ్చు. మామూలు బీపీ మిషన్‌తో లెక్క సరిగ్గా రాదు, డాప్లర్‌తో చూడాలి. తావీ చేయించుకున్నవారు కొద్ది రోజులకు కళ్లు తిరిగి పడిపోయామని వస్తే విటమిన్ రాసి పంపకూడదు, హార్ట్ బ్లాక్ (గుండెలో విద్యుత్ సంకేతం ఆగిపోవడం) ఉందేమోనని వెంటనే ఈసీజీ తీయాలి. ఇలాంటివి పుస్తకంలో చదివితే గుర్తుండవు. ఒక పేషెంటు ముఖంతో కలిసి విన్నప్పుడు జీవితాంతం గుర్తుంటాయి.

అబ్జర్వర్‌షిప్‌కు ఒక పెద్ద లోటు ఉంది. ఆ రెండు వారాలు క్లినిక్ మూసేయాలి. ఒంటరిగా ప్రాక్టీస్ చేసేవాళ్లకు ఇది నిజమైన భారం. నేను వరసగా వెళ్లలేక, మూడు నెలలపాటు వారానికి ఒక రోజు వెళ్లేలా మాట్లాడుకున్నాను. ఒక విధంగా అదే మేలైంది. ఒకే పేషెంటు మందులు వారం వారం ఎలా పెంచుతున్నారో చూడగలిగాను. 2022లో వచ్చిన స్ట్రాంగ్-హెచ్ఎఫ్ అధ్యయనం చెప్పింది కూడా అదే: డిశ్చార్జి అయ్యాక దగ్గర దగ్గరగా పిలిచి, రెండు వారాల్లో మందులను పూర్తి మోతాదుకు చేర్చితే మళ్లీ ఆస్పత్రిలో చేరడం, చనిపోవడం తగ్గుతాయని. కాగితం మీద తేలిగ్గా కనిపించే ఆ పనిని బీపీ 95 ఉన్న మనిషికి ఎలా చేస్తారో కళ్లతో చూడాలి.

హోటళ్లలో జరిగే సీఎంఈలు, పెద్ద కాన్ఫరెన్సులు

వీటిని నేను తీసిపారేయను. కొన్నిచోట్ల నిజంగా గొప్ప టాక్స్ విన్నాను. కానీ మంచివాటిని ఏరుకోవాలి. ప్రోగ్రామ్ షీట్ చేతికి రాగానే నేను టాపిక్కుల పేర్లు చూస్తాను. "సాక్యుబిట్రిల్-వాల్సార్టన్: కొత్త శకం" అని ఉంటే మందు అమ్మే మాటలు ఎక్కువ ఉంటాయి. "క్రియాటినిన్ 1.8, పొటాషియం 5.2: ఏ మందు ఆపాలి, ఏది ఉంచాలి?" అని ఉంటే తప్పకుండా వెళ్తాను. హార్ట్ ఫెయిల్యూర్‌కు నాలుగు మూలస్తంభాలు అంటారే, ఆర్ని (సాక్యుబిట్రిల్-వాల్సార్టన్), బీటా బ్లాకర్, ఎంఆర్ఏ (స్పిరనోలాక్టోన్ లాంటివి), ఎస్‌జీఎల్‌టీ2 మందులు (డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి), వాటి పేర్లు ఇప్పుడు అందరికీ తెలుసు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ జనరిక్‌లు వచ్చాక మామూలు కుటుంబాలకు కూడా అందుతున్నాయి. తెలియాల్సింది వాడకంలోని మెలకువలు. ఎనలాప్రిల్ లాంటివి ఆపిన 36 గంటల తర్వాతే ఆర్ని మొదలుపెట్టాలి. ఆపరేషన్‌కు ముందు ఎస్‌జీఎల్‌టీ2 మందును కొన్ని రోజులు ఆపాలి. ఆ మందుతో షుగర్ మామూలుగా ఉన్నా కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లం ప్రమాదకరంగా పెరగడం) రావచ్చు. ఇవి చెప్పే సీఎంఈ మంచి సీఎంఈ.

ఖర్చు ఎవరు పెడుతున్నారో కూడా చూడండి. 2024 మార్చిలో కేంద్రం తెచ్చిన యూసీపీఎంపీ (మందుల కంపెనీల మార్కెటింగ్) నియమావళి ప్రకారం, ఉపన్యాసం ఇచ్చేవారికి తప్ప మిగతా డాక్టర్లకు మందుల కంపెనీలు ప్రయాణం, హోటలు ఖర్చులు పెట్టకూడదు. "అన్నీ మేమే చూసుకుంటాం డాక్టర్" అని రెప్రెజెంటేటివ్ చెబితే మొహమాటం లేకుండా వద్దనండి. నేర్చుకోవడానికి మన డబ్బు మనం పెట్టుకుంటే, రాసే చేతి మీద ఎవరి బరువూ ఉండదు.

క్రెడిట్ల మాట. 2002 మెడికల్ కౌన్సిల్ నియమాల ప్రకారం ఐదేళ్లకు కనీసం 30 గంటల సీఎంఈ ఉండాలి. లెక్కిస్తే ఏడాదికి ఆరు గంటలే. ఆ ఆరు గంటలూ ఒకే ఆదివారం పూర్తి చేయవచ్చు. కాబట్టి పాయింట్ల కోసం ఎక్కడికి పడితే అక్కడికి పరుగెత్తాల్సిన పని లేదు. రిజిస్ట్రేషన్ ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఉంచుకుని చెన్నైలో పని చేస్తున్నవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. తమిళనాడు కౌన్సిల్ ఇచ్చే పాయింట్లను మీ కౌన్సిల్ లెక్కలోకి తీసుకుంటుందో లేదో ఫీజు కట్టకముందే రాసి అడిగి, జవాబు దాచుకోండి.

ఎకో (గుండె స్కాన్) నేర్చుకోవాలా?

జనరల్ ఫిజీషియన్‌కు నా సమాధానం: కొద్దిగా, అవును. పంపింగ్ బాగుందా తగ్గిందా, గుండె చుట్టూ నీరు ఉందా, కుడి వైపు ఉబ్బిందా, గుండెకు రక్తం చేర్చే పెద్ద సిర ఐవీసీ ఎంత ఉంది, వాల్వులో పెద్ద తేడా ఏమైనా కంటికి కనిపిస్తోందా. ఇంతవరకు చాలు. రెండు రోజుల వర్క్‌షాపులో ప్రోబ్ పట్టుకోవడం వస్తుంది, చూడటం రాదు. తర్వాత ఎవరి దగ్గరైనా నిలబడి పదుల కొద్దీ ఎకోలు చేస్తేనే కన్ను పడుతుంది. అలా చేయించే గురువు దొరక్కపోతే ఆ డబ్బు దాచుకోండి.

ఆన్‌లైన్ కోర్సుల గురించి ఎక్కువ చెప్పను. యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ గైడ్‌లైన్లు ఉచితంగా దొరుకుతాయి. హార్ట్ ఫెయిల్యూర్‌కు 2021 పుస్తకం, దానికి 2023లో వచ్చిన సవరణ, గుండెపోటుకు 2023 పుస్తకం చదివితే చాలా ఆన్‌లైన్ కోర్సుల కంటే మేలు. రుమాటిక్ వాల్వు జబ్బుల విషయంలో మాత్రం పాశ్చాత్య పుస్తకాల మీదే ఆధారపడవద్దు. మైట్రల్ స్టెనోసిస్ (మైట్రల్ వాల్వు ఇరుకు కావడం) మన దగ్గర ఇంకా ఉంది. అలాంటివారికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పడం) ఉంటే, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందుల్లో వార్ఫరిన్ కన్నా రివరాక్సబాన్ మేలు కాదని 2022 ఇన్విక్టస్ అధ్యయనం తేల్చింది. ఇలాంటి పేషెంట్లను రోజూ చూసే మన ప్రభుత్వ ఆస్పత్రి డాక్టర్లు చెప్పే పాఠానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ఏడాది, రెండేళ్ల డిప్లొమాలు

ఇక్కడ నా మాట కాస్త గట్టిగానే ఉంటుంది. "క్లినికల్ కార్డియాలజీ" అని పేరున్న ఏ సర్టిఫికెట్ చేతికి వచ్చినా మనం కార్డియాలజిస్టులం కాము. ఎండీ తర్వాత మూడేళ్ల సూపర్ స్పెషాలిటీ కోర్సు, డీఎం గానీ డీఆర్ఎన్‌బీ గానీ, చేసినవారే కార్డియాలజిస్టులు. 2006లో ఇగ్నో మొదలుపెట్టిన రెండేళ్ల క్లినికల్ కార్డియాలజీ డిప్లొమా కథ గుర్తుంచుకోండి. ఆస్పత్రుల్లో కష్టపడి చేసినవారు ఎంతోమంది ఉన్నారు, కానీ మెడికల్ కౌన్సిల్ గుర్తింపు ఇవ్వలేదు. ఆ డాక్టర్లు ఏళ్ల తరబడి గుర్తింపు కోసం పోరాడారు. వాళ్ల శ్రమ మీద నాకు గౌరవం ఉంది, అందుకే ఇంకొకరు అదే ఇబ్బందిలో పడకూడదని చెబుతున్నాను. రెండేళ్లు పెట్టేముందు నేషనల్ మెడికల్ కమిషన్ గుర్తింపు ఉందా, బోర్డు మీద ఏమని రాసుకోవచ్చు అన్నది కాగితం మీద తీసుకోండి.

రెండేళ్లు పెట్టే ఓపిక నిజంగా ఉండి, ఎంబీబీఎస్‌తో ఊళ్లో ప్రాక్టీస్ చేస్తున్నవాళ్లయితే, వెల్లూరు సీఎంసీ దూరవిద్యలో నడిపే ఫ్యామిలీ మెడిసిన్ డిప్లొమాను ఒకసారి చూడండి. అది గుండెకే పరిమితం కాదు. కానీ గుండె పేషెంటుకు షుగరు, కిడ్నీ, థైరాయిడ్ కూడా ఉంటాయి కదా.

మరి ఎవరికి ఏది? గుమ్మిడిపూండి వైపు ఫ్యాక్టరీల మధ్య రాత్రి డ్యూటీ చేసే కుర్ర డాక్టరు ఏసీఎల్ఎస్, ఈసీజీ తప్ప ఈ ఏడాది ఇంకేమీ చూడనక్కర్లేదు. అతని చేతికి వచ్చేవాళ్లు ఛాతీ నొప్పితో వచ్చే నలభై ఏళ్ల కార్మికులు. నాలాగా వయసు మళ్లిన పేషెంట్లు ఎక్కువగా ఉండే ఎండీ ఫిజీషియన్ అబ్జర్వర్‌షిప్‌కు వెళ్లాలి. సొంత నర్సింగ్ హోము ఉన్నవారు తామొక్కరే కోర్సు చేసి ఆగకూడదు, స్టాఫ్ మొత్తానికి బీఎల్ఎస్ చేయించి, ఒక హబ్ ఆస్పత్రితో రాతపూర్వకంగా ఏర్పాటు చేసుకోవాలి. నెల్లూరు, తిరుపతి, శ్రీకాళహస్తి డాక్టర్లకు చెన్నై దగ్గర. హిందూపురం, మదనపల్లె, అనంతపురం వారికి బెంగళూరే మేలు, అక్కడ జయదేవలో వచ్చే కేసుల రద్దీయే ఒక పాఠం. మీ పేషెంట్లు ఏ నగరానికి వెళ్తున్నారో ఆ నగరంలోనే నేర్చుకోండి. రేపు ఫోన్ చేస్తే గుర్తుపట్టి మాట్లాడే డాక్టరు అక్కడ ఒకరు ఉండాలి.

నా బల్ల మీద ఇప్పుడు ఒక అట్ట ముక్క ఉంటుంది. దాని మీద ఐ-నీడ్-హెల్ప్ గుర్తులు తెలుగులో రాసుకున్నాను, కింద మూడు ఫోన్ నంబర్లు ఉన్నాయి. పోయిన నెల తడ నుంచి నలభై రెండేళ్ల ఆమె వచ్చింది. ఏడాదిలో రెండోసారి ఆయాసంతో ఆస్పత్రిలో చేరి వచ్చింది, బీపీ 88. ఫ్రూసెమైడ్ మార్చకముందే ఆ నంబర్లలో ఒకదానికి ఫోన్ చేశాను. వాళ్లు గురువారం పిలిచారు.